ఒమాహాకి మారుతున్నాం, ఆ ఊరు డెమొక్రాట్లదా రిపబ్లికన్లదా? ఉంటున్నవాళ్ళు చెప్పండి

కొత్తగా_వస్తున్నాం:
అందరికీ నమస్తే. టెక్సాస్ నుంచి నెబ్రాస్కాలోని ఒమాహాకి మారుతున్నామండీ, ఉద్యోగం మార్పు. మా ఇద్దరికీ సిటిజన్‌షిప్ వచ్చి ఎక్కువ కాలం కాలేదు, ఇక్కడ ఓటు వేశాం గానీ మన ఓటుతో ఏం తేలుతుందిలే అనుకుంటూనే వేశాం. ఇప్పుడు ఒమాహా అనగానే అందరూ బ్లూ డాట్, బ్లూ డాట్ అంటున్నారు, అంటే డెమొక్రాట్ల నీలం చుక్క అని, మరి అదే ఊరికి 2025 మేలో ఎన్నిక అయ్యేదాకా 12 ఏళ్ళు రిపబ్లికన్ మేయరే, కాంగ్రెస్‌మన్ ఇప్పటికీ రిపబ్లికనే, రాష్ట్రం చూస్తే మొత్తం ఎరుపు, అంటే రిపబ్లికన్లదే. ఇంతకీ అది ఎవరి ఊరు? కాస్త వివరంగా చెప్పండి, ఇల్లు ఎటువైపు తీసుకోవాలో కూడా ఇంకా అనుకోలేదు.

కరీంనగర్_పోరడు:
అక్కా, ఎవరి ఊరూ కాదు, క్రాస్ ఓటింగ్ ఊరు. మన కాడ 2018 అసెంబ్లీకి కారుకు గుద్ది, ఆరు నెలలు కాకముందే 2019ల మా కరీంనగర్‌ల ఎంపీకి కమలానికి గుద్దలేదా, గట్లనే. ఇక్కడైతే ఆరు నెలలు కూడ ఆగరు, ఒక్క కాయితం మీదనే పైన ఒకరికి కింద ఒకరికి వేస్తరు. మిగతాది డాడ్జ్ అన్న చెప్తడు, ఆయన శాన ఏండ్ల నుంచి ఉంటున్నడు.

డాడ్జ్_స్ట్రీట్:
వెల్‌కమ్ అండీ. ముందు ఈ బ్లూ డాట్ సంగతి చెప్తాను, అది అర్థమైతే సగం అయిపోయినట్టే. అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ ప్రెసిడెంట్ ఎన్నికలో రాష్ట్రంలో ఎవరు గెలిస్తే ఎలక్టోరల్ ఓట్లన్నీ వాళ్ళకే, ప్రెసిడెంట్ ఎవరో తేల్చేది ఆ ఓట్లే. మెయిన్, నెబ్రాస్కా ఈ రెండే వేరు. నెబ్రాస్కాకి మొత్తం 5 ఎలక్టోరల్ ఓట్లు, అందులో 2 రాష్ట్రం మొత్తం మీద గెలిచినవాళ్ళకి, మిగతా 3 మాత్రం ఒక్కో కాంగ్రెస్ డిస్ట్రిక్ట్‌లో ఎవరు గెలిస్తే వాళ్ళకి. 1991లో చట్టం చేశారు, 1992 నుంచి అమల్లో ఉంది. ఒమాహా ఉన్నది రెండో డిస్ట్రిక్ట్‌లో, ఎర్ర రాష్ట్రంలో ఈ ఒక్కటి డెమొక్రాట్లకి పోతే మ్యాపు మీద నీలం చుక్కలా కనిపిస్తుంది, అదే బ్లూ డాట్. చట్టం వచ్చాక 16 ఏళ్ళపాటు దానివల్ల ఏ తేడా రాలేదు, ఐదూ రిపబ్లికన్లకే పోయేవి. 2008లో ఒబామా వాళ్ళు ఇక్కడ ఆఫీసు తెరిచి ఇల్లిల్లూ తిరిగి మూడు వేల పైచిలుకు ఓట్ల మెజారిటీతో ఆ ఒక్క ఓటు పట్టుకుపోయారు, అప్పుడు జనం ఊరిని ఒబామాహా అనేవాళ్ళు. 2012లో రామ్నీ వెనక్కి లాక్కున్నాడు, 2016లో ట్రంప్ రెండు శాతం పైచిలుకు తేడాతో నిలబెట్టుకున్నాడు, 2020లో బైడెన్ ఆరున్నర శాతం తేడాతో గెలిచాడు, 2024లో హారిస్ నాలుగున్నర శాతం పైన. అంటే ఐదు ఎన్నికల్లో మూడుసార్లు అటు, రెండుసార్లు ఇటు. దీన్ని కంచుకోట అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇక 2024 సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో మీరు ఇక్కడ ఉండి చూడాల్సిందండీ. పాత ఊళ్ళో డండీ పేట వైపు ఏ వీధిలోకి వెళ్ళినా ఇళ్ళ ముందు తెల్ల బోర్డు, మధ్యలో నీలం గుండ్రం, అంతే, పేరు లేదు నినాదం లేదు. దానికి పోటీగా పడమర వైపు నెబ్రాస్కా మ్యాప్ ఆకారంలో మొత్తం ఎర్ర రంగు బోర్డులు. పక్కపక్క ఇళ్ళలోనే ఒకటి అదీ ఒకటి ఇదీ, పొద్దున కుక్కని తిప్పుతూ ఇద్దరూ మామూలుగా పలకరించుకునేవాళ్ళు, అది చూసి ఈ ఊరంటే నాకు ఇంకా ఇష్టం పెరిగింది.

నూటనలభైనాలుగో_వీధి:
అన్నయ్య చెప్పిందాంట్లో తప్పేం లేదు గానీ ఒక వైపే చెప్పాడు. నేను రిపబ్లికన్‌కే వేస్తాను, దాచుకునేదేం లేదు. పడమర ఒమాహాలో మనవాళ్ళలో అలాంటివాళ్ళు చాలామందే ఉన్నారు, బయటికి చెప్పరంతే. ప్రాపర్టీ ట్యాక్స్, స్కూళ్ళు, పోలీసు, ఈ మూడూ చూసుకుని వేస్తాం. జీన్ స్టోథర్ట్ 2013, 2017, 2021 మూడుసార్లు గెలిచింది, ఈ ఊరికి ఎన్నికైన మొదటి మహిళా మేయర్ ఆవిడే. నీలం ఊరైతే అది ఎలా జరిగింది మరి? ప్రెసిడెంట్ ఎన్నిక ఒక్కటే పట్టుకుని ఊరికి రంగు వెయ్యడం కరెక్ట్ కాదని నా అభిప్రాయం.

డాడ్జ్_స్ట్రీట్:
తమ్ముడూ నేనూ అదే అంటున్నా, ఊరికి ఒక రంగు వెయ్యలేం. కానీ మేయర్ ఎన్నిక మీద ఒక మాట. అది పార్టీ గుర్తు లేకుండా జరుగుతుంది, పైగా బేసి సంవత్సరంలో మే నెలలో, అప్పుడు ఓటు వెయ్యడానికి వచ్చేది తక్కువమంది, వచ్చేవాళ్ళలో సొంతిల్లు ఉన్నవాళ్ళు, పెద్దవయసువాళ్ళే ఎక్కువ. అద్దె ఇళ్ళవాళ్ళు, కుర్రాళ్ళు నవంబర్లో వస్తారు, మేలో రారు.

బెన్సన్_టీచర్:
పైన అన్నగారు చెప్పింది నిజమే, దానికి తోడు ఊరి స్వరూపం కూడా తెలియాలండీ, లేకపోతే ఈ లెక్కలు గాల్లో ఉన్నట్టు ఉంటాయి. ఒమాహాలో అందరూ 72వ వీధిని గీతలా చెప్పుకుంటారు, దానికి తూర్పు పాత ఊరు, పడమర కొత్త ఊరు. తూర్పులో మళ్ళీ ఉత్తరం దక్షిణం వేరు. నార్త్ ఒమాహా నల్లజాతివాళ్ళ పేట, మాల్కం ఎక్స్ 1925లో పుట్టింది అక్కడే. ఒకప్పుడు 24వ వీధి అంతా దుకాణాలు, సంగీతం క్లబ్బులతో కళకళలాడేదట, తర్వాత బ్యాంకులు ఆ పేటవాళ్ళకి ఇంటి లోన్లు ఇవ్వకపోవడం, పైనుంచి హైవే 75 ఇళ్ళ మధ్యలోంచి వెయ్యడం, దాంతో చెదిరిపోయింది. ఎర్నీ చాంబర్స్ అని అక్కడి రాష్ట్ర సెనేటర్ 1971 నుంచి మధ్యలో నాలుగేళ్ళు తప్ప 2021 దాకా లెజిస్లేచర్లో ఉన్నాడు, ఆ మధ్యలో గ్యాప్ కూడా టర్మ్ లిమిట్స్ (వరసగా ఇన్నిసార్లే ఉండాలనే పరిమితి) పెట్టారు కాబట్టే, ఆయన్ని బయటికి పంపడానికే అది పెట్టారని ఇప్పటికీ అంటారు. నార్త్ ఒమాహా ఓటు డెమొక్రాట్లకి గట్టిగా పడుతుంది, కాకపోతే ఎంతమంది బూత్‌దాకా వస్తారన్నదే ప్రతిసారీ ప్రశ్న.

సౌత్ ఒమాహా మాంసం ప్యాకింగ్ ఫ్యాక్టరీల చుట్టూ పెరిగింది, ఒకప్పుడు చెక్‌లు, పోలిష్‌వాళ్ళు, ఇప్పుడు ఎక్కువగా మెక్సికో, గ్వాటెమాల నుంచి వచ్చిన కుటుంబాలు. వయసు వచ్చిన జనం ఎక్కువే గానీ చాలామందికి సిటిజన్‌షిప్ లేదు కాబట్టి ఓటర్లు తక్కువ. మా స్కూల్లో పిల్లలు ఇక్కడే పుట్టినవాళ్ళు, వాళ్ళకి 18 నిండగానే ఆ ఇంట్లో మొదటి ఓటర్ వాళ్ళే అవుతున్నారు, ఫామ్ నింపేటప్పుడు నన్ను వచ్చి అడుగుతారు, అమ్మానాన్నల్ని అడగడానికి వాళ్ళకి తెలీదు కదా. ఆ పిల్లల మొహం చూస్తే ఓటు విలువ ఏంటో అర్థమవుతుంది. పార్టీ సంగతి నేనెప్పుడూ ఎత్తను, అది వాళ్ళిష్టం.

మిడ్‌టౌన్, డండీ, బెన్సన్ డెమొక్రాట్ల వైపు. 144వ వీధి దాటి ఎల్కార్న్ వైపు వెళ్తే రిపబ్లికన్లు. ఎల్కార్న్ ముందు వేరే ఊరు, 2007లో ఒమాహాలో కలిపేశారు. ఎన్నిక తేలేది మాత్రం ఈ రెండిటి మధ్య, 72కీ 144కీ నడుమ ఉన్న కాలనీల్లో.

లింకన్_నుంచి:
పక్కూరు నుంచి అడుగుతున్నా, ఏమనుకోకండి. ఈ ఒక్క డిస్ట్రిక్ట్‌కి ఇంత ప్రాధాన్యం ఎందుకివ్వాలి? రాష్ట్రంలో 2024లో ట్రంప్‌కి 59 శాతం పైగా వచ్చింది. మిగతా 48 రాష్ట్రాలూ అన్ని ఓట్లూ ఒకళ్ళకే ఇస్తున్నప్పుడు మనం మాత్రం మన ఓటు చీల్చుకోవడం రాష్ట్రానికి నష్టమే కదా. కాలిఫోర్నియాలో లక్షలమంది రిపబ్లికన్ల ఓట్లు లెక్కలోకి రావడం లేదు, ఎవరూ అడగట్లేదు.

డాడ్జ్_స్ట్రీట్:
మీరు అడిగింది న్యాయమైన ప్రశ్నే. కానీ నాకు అర్థమైన దాన్నిబట్టి చీల్చుకోవడం వల్లే ఎవరైనా ఈ రాష్ట్రానికి వస్తున్నారు. 2020 అక్టోబర్ చివర్లో ట్రంప్ స్వయంగా ఎప్లీ ఎయిర్‌ఫీల్డ్‌లో సభ పెట్టాడు, సభ అయ్యాక బస్సులు సమయానికి రాక గడ్డకట్టే చలిలో వందలమంది ఇరుక్కుపోయారు, అంత చలిలో ప్రెసిడెంట్ వచ్చింది ఒక్క ఎలక్టోరల్ ఓటు కోసం. 2024 ఆగస్టులో హారిస్‌తో పాటు వైస్ ప్రెసిడెంట్‌కి నిలబడ్డ టిమ్ వాల్జ్ ఒమాహా పక్కనే లా విస్టాలో సభ పెట్టాడు, ఆయన పుట్టింది నెబ్రాస్కాలోనే అనుకోండి. అన్నీ ఒకరికే ఇచ్చేస్తే ఈ ముఖం ఎవరు చూస్తారు? వ్యోమింగ్‌కి ఎవరొస్తున్నారు ప్రచారానికి?

2024లో లెక్క ఎంత దగ్గరికి వచ్చిందంటే, పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్ మూడూ హారిస్ గెలిచి, మిగతా పోటీ రాష్ట్రాలు ట్రంప్‌కి పోయుంటే 269 దగ్గర ఆగేది, మన ఒమాహా ఓటుతో గెలవడానికి కావల్సిన 270. అందుకే సెప్టెంబర్లో రిపబ్లికన్ సెనేటర్ లిండ్సే గ్రాహం సౌత్ కరోలైనా నుంచి మన రాజధాని లింకన్‌కి వచ్చి మరీ చట్టం మార్చమని రాష్ట్ర సెనేటర్లతో మాట్లాడాడు.

కొత్తగా_వస్తున్నాం:
మరి మారలేదేం? అసెంబ్లీలో వాళ్ళకే మెజారిటీ ఉంది కదా అండీ?

డాడ్జ్_స్ట్రీట్:
అక్కడే ఉంది కథంతా. నెబ్రాస్కాలో లెజిస్లేచర్ ఒకటే సభ, 1937 నుంచి అంతే, మొత్తం 49 మంది, వాళ్ళనే సెనేటర్లంటారు, బ్యాలెట్ మీద పార్టీ పేరు ఉండదు. ఫిలిబస్టర్ చేస్తే, అంటే చర్చ సాగదీసి బిల్లుని ఆపితే, దాన్ని దాటడానికి 33 ఓట్లు కావాలి. 2024లో రిపబ్లికన్ల దగ్గర పేరుకి 33 ఉండేవారు, అందులో మైక్ మెక్‌డానెల్ ఒకరు. ఆయన అప్పట్లో సౌత్ ఒమాహా సెనేటర్, అంతకుముందు ఫైర్‌ఫైటర్, కార్మిక సంఘం నాయకుడు, డెమొక్రాట్‌గా గెలిచి 2024 ఏప్రిల్లో రిపబ్లికన్లలో చేరాడు. పార్టీ మారాడు కదా ఒప్పుకుంటాడనుకున్నారు. ఒప్పుకోలేదు. ఎన్నిక ముంగిట్లో రూల్ మార్చడానికి నేను ఓటు వెయ్యను అని తెగేసి చెప్పాడు. గవర్నర్ పిల్లెన్ 33 లెక్క తేలక స్పెషల్ సెషన్ పిలవలేదు. 2025లో మళ్ళీ బిల్లు పెట్టారు, అప్పుడూ 33 రాలేదు.

మెక్‌డానెల్ రాజకీయంతో నేను చాలా విషయాల్లో ఏకీభవించను, కానీ ఆ రోజు ఆయన మీద ఉన్న ఒత్తిడి ఎంతదో తలుచుకుంటే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

కరీంనగర్_పోరడు:
తర్వాత ఆయనే 2025ల మేయర్‌గ నిలబడ్డడు గదా, ప్రైమరీల, అంటే మొదటి విడత ఓటింగ్‌ల, మూడో స్థానం వచ్చింది. ఇటువాళ్ళు నమ్మలే అటువాళ్ళు నమ్మలే. మంచిపని చేసినా ఓట్లు పడాలని ఏం లేదు.

నూటనలభైనాలుగో_వీధి:
ఇక్కడ నాకో మాట చెప్పనివ్వండి. చట్టం మార్చాలనేది నా అభిప్రాయం కూడా కాదు. మా ఇంటికి రెండు పార్టీలవాళ్ళూ వచ్చి తలుపు కొడుతున్నారంటే అది ఈ చట్టం పుణ్యమే, టెక్సాస్‌లో మా తమ్ముడింటికి ఎవరూ రారు. నేను చెప్పాలనుకున్నది మా రిపబ్లికన్ కాంగ్రెస్‌మన్ డాన్ బేకన్ గురించి. ఆయన ఎయిర్‌ఫోర్స్‌లో బ్రిగేడియర్ జనరల్‌గా రిటైర్ అయ్యాడు, ఇక్కడి ఆఫట్ బేస్‌లో 55వ వింగ్‌కి కమాండర్‌గా చేశాడు. 2016 నుంచి వరసగా ఐదుసార్లు గెలిచాడు. 2021లో ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ బిల్లుకి ఓటేసిన 13 మంది రిపబ్లికన్లలో ఒకడు, యుక్రెయిన్ విషయంలో సొంత పార్టీవాళ్ళనే నిలదీశాడు. మనిషిని చూసి వేశారు జనం, గుర్తుని చూసి కాదు. అందుకే డెమొక్రాట్లు ప్రెసిడెంట్‌కి గెలిచిన చోటే ఈయనా గెలిచాడు.

లింకన్_నుంచి:
అంత సీన్ ఉందంటారా? 2020లో లిబర్టేరియన్ అనే చిన్న పార్టీ అభ్యర్థి కూడా కొన్ని ఓట్లు తీసుకున్నాడు, కొంతమంది పైన ప్రెసిడెంట్‌కి వేసి కిందది ఖాళీగా వదిలేస్తారు. అదంతా క్రాస్ ఓటింగ్ అనేస్తే ఎలా?

డాడ్జ్_స్ట్రీట్:
వదిలేసినవాళ్ళు, మూడో పార్టీవాళ్ళు ఉంటారు, కాదనను. కానీ లెక్క వేసి చూడండి. 2020లో బైడెన్‌కి ఆరున్నర శాతం ఆధిక్యం, అదే రోజు అదే కాగితం మీద బేకన్‌కి నాలుగున్నర శాతం పైన ఆధిక్యం. రెండూ కలిపితే 11 శాతం తేడా. నూటికి ఐదారుగురు పైన డెమొక్రాట్‌కి, కింద రిపబ్లికన్‌కి గుండ్రం నింపితే చాలు ఆ 11 వచ్చేస్తుంది. దానికి కారణం కూడా ఉంది, అవతల డెమొక్రాట్ కారా ఈస్ట్‌మన్ ప్రోగ్రెసివ్, అంటే పార్టీలో బాగా వామపక్షం వైపు మనిషి, 2018 ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని తేల్చే ఎన్నికలో) మాజీ కాంగ్రెస్‌మన్ బ్రాడ్ ఆష్‌ఫర్డ్‌ని ఓడించి వచ్చింది. 2020లో ఆ ఆష్‌ఫర్డ్, డెమొక్రాట్ అయ్యుండీ, తనని 2016లో ఓడించిన బేకన్‌కే మద్దతు ప్రకటించాడు. ఓటర్లలో అలాంటివాళ్ళు ఇంకెంతమందో.

ఇప్పుడు 2024 చూడండి. హారిస్ నాలుగున్నర పైన, బేకన్‌కి డెమొక్రాట్ టోనీ వార్గస్ మీద రెండు శాతం కూడా లేదు. తేడా ఆరు శాతం దగ్గరికి వచ్చేసింది, అంటే అటూ ఇటూ వేసేవాళ్ళు నూటికి ముగ్గురే మిగిలారు. నాలుగేళ్ళలో దాదాపు సగం అయిపోయారు. నాకు బాధగా అనిపించేది ఇదే. ఈ ఊరి గొప్పతనం నీలమో ఎరుపో కావడంలో లేదు, ఒక మనిషిని మనిషిగా తూచి ఓటేసే ఆ నూటికి ఐదారుగురిలో ఉంది. వాళ్ళు తగ్గిపోతుంటే ఇది కూడా అమెరికాలో మిగతా ఊళ్ళలాగే అయిపోతుంది, తలుపు కొట్టే ముందే ఏ ఇల్లు ఎవరిదో తెలిసిపోతుంది.

బెన్సన్_టీచర్:
తగ్గిపోతున్నారని నేననుకోను అన్నగారూ. అదే 2024లో డాన్ ఆస్‌బోర్న్ సంగతి మర్చిపోయారా? ఒమాహా కెలాగ్స్ ఫ్యాక్టరీలో మెకానిక్‌గా చేసినవాడు, 2021 సమ్మెలో ఇక్కడి యూనియన్‌కి నాయకుడు. ఏ పార్టీ లేకుండా సెనేట్‌కి నిలబడ్డాడు, డెమొక్రాట్లు అసలు అభ్యర్థినే పెట్టలేదు. ట్రంప్ 20 శాతం తేడాతో గెలిచిన రాష్ట్రంలో రిపబ్లికన్ డెబ్ ఫిషర్ ఆయన మీద గెలిచింది ఏడు శాతం లోపే. ఒమాహా ఉన్న మా డగ్లస్ కౌంటీలో ఆస్‌బోర్న్‌కే ఎక్కువ పడ్డాయి. అంటే ట్రంప్‌కి వేసినవాళ్ళు కూడా పెద్ద సంఖ్యలో ఆయనకి వేశారు. కార్మికుడు కార్మికుడిలా మాట్లాడితే వింటున్నారండీ జనం. ఆ ఫ్యాక్టరీని 2026 ఆఖరికి మూసేస్తామని కంపెనీ చెప్పింది, మా స్కూల్లో ఆ ఇళ్ళ పిల్లలు ఉన్నారు, ఆ ఇళ్ళల్లో పార్టీ పేరెత్తితే ఎవరికీ పట్టదు.

లింకన్_నుంచి:
ఆస్‌బోర్న్ మాట నిజం. బ్యాలెట్ మీద ప్రశ్నలు పెట్టినప్పుడు కూడా అంతే, 2018లో మెడికెయిడ్ (పేదవాళ్ళకి ప్రభుత్వ ఆరోగ్య బీమా) విస్తరణ, 2022లో కనీస వేతనం 15 డాలర్లకి పెంచడం, 2024లో జబ్బు చేస్తే జీతంతో సెలవు, మెడికల్ మారిజువానా, అన్నీ ఈ ఎర్ర రాష్ట్రంలోనే నెగ్గాయి. అబార్షన్ మీద మాత్రం పరిమితులు ఉండాలన్నదే గెలిచింది. అదీ ఇదీ రెండూ ఒకే ఎన్నికలో.

సార్పీ_అమ్మ:
నేను దక్షిణం వైపు సార్పీ కౌంటీలో ఉంటానండీ. మా కౌంటీ మధ్యలోంచి గీత గీశారు, బెల్‌వ్యూ, ఆఫట్ బేస్ వైపు మొదటి డిస్ట్రిక్ట్, పడమర వైపు రెండో డిస్ట్రిక్ట్. 2008లో ఒబామా గెలిచాక వచ్చిన 2011 మ్యాపులో అలా అయింది. 2021లో మళ్ళీ గీసినప్పుడు మొదట డగ్లస్ కౌంటీనే రెండు ముక్కలు చెయ్యబోయారు, ఫిలిబస్టర్‌తో ఆగింది, చివరికి డగ్లస్‌ని అలాగే ఉంచి పల్లెటూళ్ళున్న సాండర్స్ కౌంటీని కలిపారు. కొత్తగా ఇల్లు కొనేవాళ్ళకి ఇది తెలీదు, ఒకే స్కూలు, ఒకే ఇండియన్ స్టోరు, ఒకే గుడి, కానీ ఒకళ్ళ ఓటు దేశమంతా లెక్కపెడుతుంది, ఇంకొకళ్ళది పెట్టదు. కొనే ముందు అడ్రస్ కొట్టి డిస్ట్రిక్ట్ చూసుకోండి.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం, దయచేసి అందరూ చదవండి. లైసెన్సు కోసం డీఎంవీకి వెళ్తే ఓటరుగా రిజిస్టర్ చేసుకుంటారా అని అడుగుతారు. హెచ్1బీ వాళ్ళు, గ్రీన్‌కార్డు వాళ్ళు, తొందరలో అవును అనకండి. సిటిజన్ కానివాళ్ళు రిజిస్టర్ అయినా, ఓటేసినా అది చిన్న తప్పు కింద పోదు, రేపు సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూలో కూడా అడుగుతారు, దేశం నుంచి పంపేసేదాకా పోతుంది. మన పెద్దవాళ్ళు గ్రీన్‌కార్డు మీద వస్తే వాళ్ళ పక్కనే నిలబడి ఫామ్ చదివి వినిపించండి.

కొత్తగా_వస్తున్నాం:
చాలా థాంక్స్ అమ్మా, మా అత్తగారు గ్రీన్‌కార్డు మీదే ఉన్నారు, గుర్తుపెట్టుకుంటాను. మరి 2025 మేయర్ ఎన్నికలో స్టోథర్ట్ ఎందుకు ఓడిపోయారు? అన్నిసార్లు గెలిచారు కదా.

నూటనలభైనాలుగో_వీధి:
మా వైపు నుంచి చెప్తాను. 12 ఏళ్ళు అయ్యేసరికి ఎవరికైనా కొంచెం విసుగొస్తుంది, స్ట్రీట్‌కార్ (ట్రామ్) ప్రాజెక్టు మీద ఖర్చు ఎందుకనేవాళ్ళు మాలోనే ఎక్కువ. కానీ అసలు దెబ్బ ప్రచారంలో తగిలింది. చివర్లో ట్రాన్స్‌జెండర్లు, బాత్రూముల మీద యాడ్లు వేశారు. జనానికి కావల్సింది రోడ్డు మీద గుంటలు పూడ్చడం. అవతలివాళ్ళు సరిగ్గా అదే పట్టుకున్నారు, ఆవిడ దృష్టి బాత్రూముల మీద, మా జాన్ దృష్టి గుంటల మీద అని యాడ్ వేశారు. ఆ జాన్, అంటే గెలిచిన డెమొక్రాట్ జాన్ యూయింగ్, కొత్తవాడేం కాదు, పోలీసు డిపార్ట్‌మెంట్‌లో డిప్యూటీ చీఫ్ దాకా చేశాడు, తర్వాత చాలా ఏళ్ళు కౌంటీ ట్రెజరర్. పోలీసు మనిషి కాబట్టి పడమర వైపు కూడా భయపడలేదు. నేను వెయ్యలేదు గానీ నా పక్కింట్లో వేశారు, వాళ్ళు 2024లో ట్రంప్‌కి వేసినవాళ్ళే.

డాడ్జ్_స్ట్రీట్:
ఈ ఊరు ఎన్నుకున్న మొదటి నల్లజాతి మేయర్ కూడా యూయింగే. 1919లో కోర్టుహౌస్ నుంచి విల్ బ్రౌన్ అనే ఆయన్ని గుంపు లాక్కెళ్ళి చంపేసిన ఊరు ఇది. 2025లో అదే ఊరు సుమారు 56 శాతం ఓట్లతో ఈయన్ని గెలిపించింది. నార్త్ ఒమాహాలో ఆ రాత్రి పెద్దవాళ్ళ మొహాలు చూసినవాళ్ళెవరూ దీన్ని మామూలు ఎన్నిక అనరు.

కరీంనగర్_పోరడు:
ఇగ 2026 ముచ్చట. బేకన్ మళ్ళ నిలబడనని చెప్పేసిండు. ఆయన లేకపోతే ఆ సీటు పోతదా ఉంటదా, మీరేమంటరు?

నూటనలభైనాలుగో_వీధి:
ఆయనంత సొంత ఓటు ఉన్న మనిషి మాకు దొరకడం కష్టమే. ప్రైమరీలో గట్టిగా అరిచేవాడు నెగ్గితే మధ్యలో ఉన్న కాలనీలు పోతాయి. మెత్తగా ఉండేవాడు నెగ్గితే పోటీ ఉంటుంది.

బెన్సన్_టీచర్:
డెమొక్రాట్లకీ అదే వర్తిస్తుంది తమ్ముడూ, 2018, 2020 రెండుసార్లు చూశాం కదా.

డాడ్జ్_స్ట్రీట్:
కొత్తగా వచ్చేవాళ్ళకి ఒక సలహా. ఇక్కడ మే ప్రైమరీయే సగం ఎన్నిక. రిపబ్లికన్ ప్రైమరీలో అన్ని పోస్టులకీ ఓటు వెయ్యాలంటే ఆ పార్టీ పేరుతో రిజిస్టర్ అయ్యుండాలి, నాన్‌పార్టిసన్‌గా ఉంటే కొన్ని పోస్టులకే ఇస్తారు. మారగానే అడ్రస్ మార్చుకోండి, నెబ్రాస్కా లైసెన్సు వచ్చాక ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. ఫొటో ఐడీ తప్పనిసరి, 2024 నుంచి. పోస్టులో బ్యాలెట్ తెప్పించుకోవడానికి కారణం చెప్పక్కర్లేదు, ఇంట్లో కూర్చుని ఒక్కొక్క పేరూ చదువుకుని నింపి డ్రాప్ బాక్స్‌లో వేసి రావచ్చు. స్కూల్ బోర్డు, పబ్లిక్ పవర్ బోర్డు కూడా ఉంటాయి అందులో, ఇక్కడ కరెంటు ప్రభుత్వరంగమే, ఆ డైరెక్టర్లని కూడా మనమే ఎన్నుకోవాలి, వాటిని మాత్రం ఖాళీగా వదలకండి, మన నెలబిల్లు వాళ్ళ చేతుల్లోనే ఉంటుంది.

కొత్తగా_వస్తున్నాం:
అందరికీ చాలా చాలా థాంక్స్ అండీ. రెండు ఇళ్ళు చూసి పెట్టాం, ఒకటి గ్రెట్నాలో, ఒకటి బెల్‌వ్యూలో. బెల్‌వ్యూది కొంచెం చవకగా వస్తోంది. మా ఆయనేమో ఓటు కోసం ఇల్లు ఎంచుకుంటామా అంటున్నారు.

సార్పీ_అమ్మ:
గ్రెట్నా రెండో డిస్ట్రిక్టేనమ్మా. బెల్‌వ్యూ నుంచి డౌన్‌టౌన్‌కి దగ్గర, గ్రెట్నా నుంచి చలికాలం మంచులో అరగంట పైనే పడుతుంది, ఆఫీసు ఎటో చూసుకోండి. నన్నడిగితే మాత్రం గ్రెట్నానే.

కరీంనగర్_పోరడు:
గ్రెట్నానే తీసుకోండ్రి అక్కా. 2028ల మీ తలుపు కూడ కొడతరు.